నీళ్లు తగ్గాలని తోడిన బావి

"నీళ్లు తగ్గితే సారుకు చెప్పు. దాచిపెట్టకు."

"నేనుండంగ తగ్గనిస్తనా? ఆ సంగతి నాకిడిసిపెట్టి నువ్వు కండ్లు మూసుకో."

నేనూ నా పెనిమిటీ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. భద్రాచలంలో ఆసుపత్రి మంచం మీద, జ్వరం తలకెక్కి, పెదవులు పగిలి పడుకుని ఉన్నాడు మనిషి. ముప్పై ఏళ్ల కాపురంలో నా మాటకు ఎదురు చెప్పకుండా విన్నది ఆ ఒక్కసారే. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరవలేదు.

పోయే ముందు ఎవరైనా బావి గురించి మాట్లాడతారా అని చాలామంది అడిగారు. మాట్లాడతారు. కాగితాల్లో అది కంపెనీ బావి. కానీ దాని దగ్గర ఎండలో నిలబడింది ఆయన. తన తర్వాత ఆ పని నాకే ఇస్తారని ఆయనకు తెలుసు, అందుకే ఆ మాట అన్నది నాతోనే. దాన్ని తప్పుగా పట్టుకున్నదీ నేనే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా బావుల దగ్గర కొత్తగా ఐదుగురు ఆడపిల్లలు పనికి చేరారు. మోకాళ్లు మొరాయించి పోయిన ఏడాది నేను పని మానేశాను. వాళ్లు సంతలో కనపడి, "అత్తా, నువ్వు నారతాళ్లతోటి బావిని బతికించినవంట గదా" అని అడిగారు. వాళ్లకు ఎవరో సగం కథ చెప్పారు. అందులో నేను చేసిన తప్పు లేదు. తప్పు తీసేశాక మిగిలేది నా కథ కాదు. అందుకే ఆ పిల్లల కోసం, నా తమ్ముడి కూతుర్ని కూర్చోబెట్టి చెబుతున్నాను. అంగన్‌వాడీలో పని చేస్తుంది, తెలుగూ హిందీ రెండూ రాస్తుంది. నాకు వచ్చింది అంకెలూ, నా పేరూ, అంతే. నా మాటను పుస్తకం మాటగా దిద్ది రాస్తానంది. దిద్దుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమన్నాను.

మాది బస్తరులో ఈ చివర, మరైగూడ దాటి రోడ్డు దిగి పొలాల గట్ల మీద నడిస్తే వచ్చే చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, పొలంలో దోర్లీ, సంతలో హల్బీ, ఆఫీసులో హిందీ. నాలుక నాలుగు చోట్ల తిరిగితే గాని మాకు పొద్దు గడవదు. గోదావరి అవతల బొగ్గు తవ్వుతారు కదా, ఆ పొరలే మా కిందా ఉన్నాయట, కానీ చాలా లోతున. వాటిని తవ్వడానికి కాదు, ఆ బొగ్గులో ఇరుక్కున్న గ్యాసును పైకి తీయడానికి ఒక ప్రైవేటు కంపెనీ వచ్చింది. ఊళ్లో సభ పెట్టారు. ఊరు లేపం, గనులు తవ్వం, ముందు ఒక్క బోరు వేసి చూస్తాం, గ్యాసు వస్తే ఇంకొన్ని వేస్తాం, రాకపోతే మూసేసి పోతాం అన్నారు. డబ్బు పెట్టినవాళ్లు పై ఏడాది వానాకాలం దాకానే ఆగుతారని కూడా దాచకుండా చెప్పారు.

"భూమి కింది గాలి కోసం ఇంత దూరమొచ్చిన్రా? పైనున్న గాలి సాల్లేదా మీకు?" అని ఒక ముసలమ్మ అడిగింది. సభంతా నవ్వింది. కంపెనీవాళ్లు కూడా నవ్వారు. అప్పుడే నా పెనిమిటి వాళ్ల పక్కకు వెళ్లిపోయాడు. నవ్వే మనుషులంటే ఆయనకు ఇష్టం.

మేం బావి అంటున్నది ఆ బోరునే. అది వేసేటప్పుడు ఆయన గొట్టాలు మోశాడు. పంపు బిగించాక, పగటి కాపలా ఆయనకు ఇచ్చారు. మూడు రోజులు కుంట పట్నానికి తీసుకుపోయి హిందీలో పాఠం చెప్పారు. కొత్త చొక్కాతో, ఒక టార్చి లైటుతో తిరిగొచ్చి, "ఈ పంపు సంగతి మామూలు పంపు లెక్క గాదే" అని చెప్పబోయాడు. నేను కట్టెల పొయ్యి ఊదుతున్నాను. "నీ పంపు సంగతి తర్వాత, ముందు కట్టెలు కొట్టు" అన్నాను. ఆ రోజు వినుంటే ఈ కథే ఉండేది కాదు.

పని ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. పంపు గుర్రం తలలా పైకీ కిందికీ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ లోతు నుంచి నీళ్లు ఎక్కి ఇనప టాంకులో పడతాయి. టాంకు నిండగానే కింద కుళాయి తిప్పి, నల్ల ప్లాస్టిక్ పరిచిన గుంటలోకి వదిలేయాలి. ఆ నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి, పశువులను రానీయకూడదు. ఒక టాంకు నిండితే రిజిస్టరులో ఒక గీత. అంతే ఉద్యోగం.

ఆ గీతలు ఆయన వెంటనే గీసేవాడు కాదు. తడి చేతులు, గ్రీసు చేతులు. కాగితం పాడైపోతుందని అడ్డాకుల తీగ నారతో రెండు మూరల తాడు పేని మొలకు కట్టుకునేవాడు. టాంకు నిండినప్పుడల్లా ఒక ముడి. ముడికీ ముడికీ మధ్య బొటనవేలి వెడల్పు. మా వైపు పండగకు పిలవాలంటే ముడులేసిన తాడు పంపుతారు. ఎన్ని ముడులో అన్ని రోజులు, రోజుకొకటి విప్పుకుంటూ పోతే పండగ వస్తుంది. ఆయన దాన్ని తిరగేసి వాడుకున్నాడు. సాయంత్రం తాడు చూసి గీతలు గీసి, ఆ తాడును ఇంటికి తెచ్చి వెదురు కర్రకు తొడిగేవాడు. పోగులు పోగులుగా పెరిగే ఆ కర్రను చూసి, "దేనికయ్యా ఈ చెత్త?" అనేదాన్ని. "నా హాజిరీ ఇది" అనేవాడు.

వరినాట్లు ముగిసే వేళకు ఆయన పోయాడు. పెద్దకర్మ అయ్యాక కంపెనీ సూపర్వైజరు ఇంటికొచ్చాడు. సముద్రం వైపు ఆంధ్రా మనిషి, గొంతు పెద్దదే కానీ మనసు మంచిది. "చదువు రాకపోయినా పర్లేదమ్మా, గీతలే కదా. రేపట్నుంచి రా" అన్నాడు. నేను నా పెనిమిటి చొక్కా తొడుక్కుని, దాని మీద చీర కొంగు చుట్టుకుని వెళ్లాను. మొదటి రోజే సూపర్వైజరు పంపు చూపించి, "ఇది ఆగకూడదు. నీళ్లు ఆగాయా, నీ ఉద్యోగం ఆగినట్టే. గుర్తుపెట్టుకో" అన్నాడు. ఆయన అన్నది పంపు చెడిపోవడం గురించి. నేను పట్టుకున్నది వేరే.

ఊళ్లో ఇంకో మాట కూడా వినపడింది. చేతిపంపు దగ్గర మా వాడకట్టు ఆడామె బిందె పెట్టుకుంటూ, నాకు వినపడేలాగే, "ముండమోసిన చెయ్యి పెడితే ఏ నీళ్లు నిలబడ్డయి? కంపెనీ బావి ఎన్నాళ్లుంటదో చూద్దాం" అంది. నేను తిరిగి, "నా చెయ్యి సంగతి నీకెందుకు, నీ బిందె చిల్లు చూసుకో" అన్నాను. నిజంగానే దాని బిందెకు చిల్లుంది. అందరూ నవ్వారు. కానీ ఆ మాట నా పక్కటెముకలో ముల్లులా ఉండిపోయింది.

రాత్రి కాపలా ఒక దోర్ల పెద్దాయనది. నా పెనిమిటి కన్నా పెద్దవాడు, మామా అని పిలిచేదాన్ని. పొద్దున్నే నాకు పని అప్పగిస్తూ, "కోడలా, పంపు నిద్రపోలేదు, నేనూ నిద్రపోలేదు" అనేవాడు. అది రోజూ చెప్పడం చూసే నాకు అనుమానం రావాలి. రాలేదు.

మొదటి నెలల్లో నా తాడుకు రోజూ ఇరవై నాలుగు ముడులు. ఒకటి అటూ ఇటూ. నాకెంత గర్వంగా ఉండేదో! నా పెనిమిటి చేతిలో ఎన్నో నా చేతిలోనూ అన్నే.

చలి ముదిరాక ఒకరోజు ఇరవై రెండే పడ్డాయి. మర్నాడూ అంతే. తర్వాత ఇరవై ఒకటి. ముడులు మళ్లీ లెక్కపెట్టాను. నేను పుట్టిన ఊళ్లో ఒక ఎండాకాలం బావి ఇంకిపోతే ఊరు ఊరే చెదిరిపోయింది. మా అమ్మ నన్ను చంకనేసుకుని పామేడు వైపు కూలికి పోయింది. బావి అంటే నీళ్లు. నీళ్లు తగ్గాయంటే బావి చస్తోందన్నట్టే. నేను పుట్టినప్పటి నుంచీ నాకు తెలిసిన బావి సంగతి అదొక్కటే.

ఆ సాయంత్రం రిజిస్టరు తీసి కూర్చున్నాను. చేతిలో తాడు ఉంది, ఇరవై ఒక్క ముడులు. చేతిపంపు దగ్గర మాట చెవిలో ఉంది. నేను ఇరవై నాలుగు గీతలు గీశాను.

అలా మొదలైంది. ముడులు పంతొమ్మిదికి దిగాయి, పదహారుకు దిగాయి, గీతలు మాత్రం ఇరవై నాలుగు. ఒక్కోరోజు అనుమానం రాకుండా ఇరవై మూడు గీసేదాన్ని. అబద్ధానికి కూడా తెలివి కావాలి కదా. ఆయన చెప్పిన మాట మరిచిపోయానా అంటే, లేదు. "దాచిపెట్టకు" అన్నాడు. నేను "తగ్గనిస్తనా" అన్నాను. తగ్గనివ్వకుండా ఉండటం నా చేతిలో లేదు. తగ్గినట్టు కనపడనివ్వకుండా ఉండటం ఉంది. ఆయన పరువు, నా పరువు రెండూ కాపాడుతున్నానని నా మనసుకు నేనే చెప్పుకున్నాను.

తాడును మాత్రం మార్చలేదు. ఎందుకు మార్చలేదని తర్వాత చాలామంది అడిగారు. రిజిస్టరు కంపెనీది. తాడు ఆయనది. నిండని టాంకుకు ముడి వేయమంటే నా వేళ్లు ఒప్పుకోలేదు. ప్రతి రాత్రీ ఆ రోజు తాడును ఆయన వెదురు కర్రకే, ఆయన తాళ్ల వెనకే తొడిగాను.

విప్పపూలు రాలే రోజులొచ్చేసరికి తొమ్మిది ముడులకు దిగింది. పంపు గొంతు కూడా మారింది. ముందు మెత్తగా ఊగేది, ఇప్పుడు కిందికి వచ్చినప్పుడల్లా దబ్బుమని కొడుతోంది, ఖాళీ కుండను రోకలితో కొట్టినట్టు. నేను దాని ఇనప కాలు మీద చెయ్యి వేసి, "ఊకో, ఊకో" అనేదాన్ని. పశువుకు చెప్పినట్టు.

అప్పుడు వచ్చింది జీపు. సూపర్వైజరుతో పాటు రాయపూర్ నుంచి ఇంజినీరు మేడమ్ దిగింది. నా కూతురి వయసు ఉంటుంది, నాకు కూతురుంటే. బూట్లు, టోపీ, చెవికి ఒక చిన్న పోగు. హిందీలోనే మాట్లాడుతుంది, మా తెలుగు సగం అర్థమవుతుంది. ఆమె వచ్చీ రాగానే గుంట దగ్గరికి పోయి నిలబడింది.

"రోజుకు ఇన్ని టాంకులు పోస్తే ఈ గుంట ఎప్పుడో పొంగాలి. ఇంతే ఎందుకుంది?" అని అడిగింది.

"ఎండలు మేడమ్. మా ఎండలు మీకు తెలీదు, ఏరునే తాగేస్తాయి," అన్నాడు సూపర్వైజరు.

ఆమె తల ఊపింది కానీ నమ్మినట్టు లేదు. సూపర్వైజరు నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "రేపట్నుంచి నీకు ఈ ఎండ బాధ లేదమ్మా. సిమెంటు బండి బయల్దేరింది. పంపు పీకేసి బావి మూసేస్తారు," అన్నాడు.

"ఎందుకు సారూ? నేనేం తక్కువ జేసిన?"

"నువ్వేం చేయలేదులే. నీళ్లు తగ్గట్లేదు. ఇన్ని నెలలు తోడినా అవే ఇరవై నాలుగు. కింద ఎక్కడో పెద్ద ఊట కలిసింది అంటున్నారు. లోతు చూసే మిషను రిపేరుకి పోయింది, ఉన్నది ఈ రిజిస్టరే. దాని ప్రకారం శబరి నదినంతా తోడినా పని అవదు."

"తగ్గాల్నా సారూ?" అన్నాను.

ఆయన పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "తగ్గకపోతే గ్యాసెలా వస్తుందమ్మా? తగ్గడానికే కదా తోడేది!"

పిల్లలారా, ఆ క్షణం నాకు ఎలా ఉందో చెప్పలేను. మనిషి చచ్చిపోయాడని ఏడ్చి పాడె కూడా కట్టాక, ఆయన లేచి కూర్చుని అన్నం పెట్టమంటే ఎలా ఉంటుందో అలా ఉంది. సంతోషించాలో, పాడె కట్టిన చేతులను నరుక్కోవాలో తెలియదు. "నీళ్లు తగ్గితే సారుకు చెప్పు." ఆయన నాకు చెడు కబురు దాచొద్దని చెప్పలేదు. మంచి కబురు దాచొద్దని చెప్పాడు.

"ఇప్పుడే వస్తా సారూ" అని ఇంటి వైపు నడిచాను. రెండు పొలాలు దాటితే ఇల్లు. ఇంట్లో పొయ్యి మీద అంబలి కుతకుత ఉడుకుతోంది, కింద నిప్పులు ఎర్రగా ఉన్నాయి. గోడకు వెదురు కర్ర. నిజం చెబితే దొంగ రాతలు రాసినదాన్నవుతాను, ఉద్యోగం పోతుంది. పైగా నీళ్లు ఇంకింది నా చేతిలోనే అని నేనే ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే రేపు బావి నోట్లో సిమెంటు పోస్తారు, ఎవరికీ ఏమీ తెలియదు. ఈ కర్రను పొయ్యిలో పెడితే ఎంతసేపు? నార ఎండిపోయి ఉంది, ఒక్క మంటకు అయిపోతుంది.

పెట్టలేదు. నన్ను ఆపింది ధర్మం కాదు, ఆ కర్రకు మొదట్లో ఉన్న ఆయన తాళ్లు. నావి కాల్చాలంటే ఆయనవీ కాలతాయి.

కర్ర భుజాన వేసుకుని వెనక్కి వచ్చాను. మేడమ్ పంపు పక్కన చెవి పెట్టి వింటోంది. నేను కర్రను ఆమె కాళ్ల ముందు దించాను.

"మేడమ్, ఆ పుస్తకంల గీతలు అబద్ధం. నిజం ఇదిగో, ఈడుంది."

సూపర్వైజరు నా ముందుకు వచ్చాడు. "ఏంటమ్మా నువ్వనేది! నెత్తికి ఎండ తగిలిందా?"

"ఎండ గాదు సారూ. నీళ్లు తగ్గి మూడు నెలలు దాటింది. నేనే దాచిన."

మేడమ్‌కు ఆయన హిందీలో చెప్పాడు. ఆమె నన్ను చూసింది, తాళ్లను చూసింది. "రాత్రి లెక్క కూడా ఇరవై నాలుగే ఉంది కదా. రాత్రి మనిషి కూడా అబద్ధం రాస్తాడా?" అంది. నాకూ అదే ప్రశ్న. మామను ఇంటి నుంచి పిలిపించారు. కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"మామా, రాత్రి పూట ఎన్ని టాంకులు నిండుతున్నయి?"

"నువ్వు ఎన్నంటే అన్ని గదా కోడలా."

"నేనంటే ఏంది? నువ్వు సూస్తలేవా?"

ఆయన నన్ను, మేడమ్‌ను, పంపును వరసగా చూశాడు. "నువ్వు మంచిగ రాస్తవని నీ గీతలు సూసి అన్నే గీస్త. టాంకు నిండి పొర్లితే గుంటలకే గదా పోయేది. ఇంత వయసుల తప్పు రాస్తనా చెప్పు?"

నవ్వాలా ఏడవాలా? నేను భయంతో అబద్ధం రాశాను, ఆయన నా మీద నమ్మకంతో నిద్రపోయి అదే అబద్ధం రాశాడు. రెండు పుటలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటూ కూర్చున్నాయి. సూపర్వైజరు తల పట్టుకున్నాడు. మేడమ్ మాత్రం నవ్వలేదు. చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టి, టాంకు ఖాళీ చేయించింది. "ఇది నిండేదాకా ఎవరూ కదలొద్దు" అంది.

నిలబడ్డాం. ఇరవై నాలుగు పడే రోజుల్లో అరగంటకు నిండే టాంకు. అరగంట అయ్యింది, సగం కూడా రాలేదు. నేను ఇంటికి పోయి అంబలి తెచ్చి అందరికీ పోశాను. మేడమ్ రెండోసారి కూడా అడిగింది. గంట దాటి పావుగంటకు టాంకు నిండింది.

అప్పుడు ఆమె కర్ర మీది తాళ్లను ఒక్కొక్కటే వరస తప్పకుండా తీయమంది. గుంట చుట్టూ ముళ్లకంచె ఉంది. ఆ తీగకు జానెడుకొక తాడు చొప్పున వేలాడదీశాం, ఆమె ఒక పక్క, నేను ఒక పక్క. ఆయన తాళ్లు ముందు, వాటి వెనక నావి. కంచె ఒక పక్కంతా నిండి మలుపు తిరిగింది. పని అయ్యాక ఆమె వెనక్కి పది అడుగులు వేసి నిలబడింది. నేనూ నిలబడ్డాను. ముందు తాళ్లకు ముడులు మోకాలి దాకా వేలాడుతున్నాయి. చాలా దూరం అలాగే ఒకే ఎత్తున. అక్కడి నుంచి చివరి ముడి మెల్లమెల్లగా పైకి జరుగుతూ జరుగుతూ తీగకు దగ్గరగా వచ్చేసింది. చదును నేల అయిపోయి గుట్ట ఎక్కినట్టు.

మేడమ్ సంచిలోంచి ఒక కాగితం తీసింది. దాని మీద అచ్చు వేసిన ఒక గీత. చదునుగా వచ్చి వంపు తిరిగింది. మంచి బావిలో నీళ్లు ఎలా తగ్గాలో చూపించే బొమ్మట అది. దాన్ని కంచెకు ఎదురుగా పట్టుకుని, పై అంచు కిందికొచ్చేలా వెనక్కి తిరగేసింది. ఎండకు గీత వెనక నుంచి కనపడింది. రెండూ ఒకటే.

"ఏక్ దమ్ వహీ" అంది. అచ్చం అదేనని. నాకు ఆ కాగితం చదవడం రాదు. కానీ నా ముడులను ఆమె చదివింది.

అంతలోనే కోపం వచ్చింది ఆమెకు. మామూలు కోపం కాదు. "ఎందుకు చేశావు? ఇంకొక్క రోజు ఆగితే సిమెంటు పడేది. నీళ్లు తగ్గాక కూడా పంపు ఇదే వేగంతో తిరిగితే కాలిపోతుంది, అది తెలుసా?" అని అరిచింది.

నేను తల దించలేదు. "నాకెవ్వలు చెప్పిన్రు మేడమ్? గీతలు గీయమన్నరు, గీసిన. ముండమోసినదాని చేతిల బావి ఎండిందంటరని భయపడ్డ. సారేమో నీళ్లాగితే ఉద్యోగం ఆగిందనుకో అన్నడు. తగ్గుడు మంచిదని ఒక్కలన్నా అంటే నా పాణం ఇంత కొట్టుకునేదా?"

ఈ మాటలు హిందీలోకి మార్చడానికి సూపర్వైజరుకు కాసేపు పట్టింది. తన మాట వచ్చిన చోట కూడా ఏమీ దాచకుండా చెప్పాడు. అందుకే ఆ మనిషంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మేడమ్ కంచె పక్కన నేల మీద కూర్చుంది. నన్ను కూర్చోమంది. నేల మీద పుల్లతో గీసి చెప్పింది. బొగ్గులో సన్నసన్నని పగుళ్లుంటాయి. గ్యాసు ఆ బొగ్గును అంటిపెట్టుకుని ఉంటుంది. పైనున్న నీళ్ల బరువు దాన్ని అదిమి పట్టి ఉంచుతుంది. నీళ్లు తోడుతూ పోతే బరువు దిగుతుంది, అప్పుడు బొగ్గు తనంతట తాను గ్యాసును వదులుతుంది. "తలమీద మోపు దించితే నువ్వు ఊపిరి తీసుకోవా, అలాగే" అంది. తల మీద మోపు సంగతి నాకు ఒకరు చెప్పాలా? ఒక్క మాటలో అర్థమైపోయింది. నా పెనిమిటి పొయ్యి దగ్గర చెప్పబోయింది ఇదే అయి ఉంటుంది.

ఆ సాయంత్రం పంపు వేగం తగ్గించారు. దబ్బుమనే చప్పుడు ఆగింది. ఫోను సిగ్నలు దొరికే మిట్ట ఎక్కి సూపర్వైజరు అరిచి అరిచి ఎర్రబోరు ఊరి దాకా వచ్చేసిన సిమెంటు బండిని అక్కడి నుంచే వెనక్కి పంపించాడు.

నన్ను మెచ్చుకున్నారనుకునేరు. తప్పుడు రాత రాసినందుకు పదిహేను రోజులు పనిలోంచి ఆపారు. మామను నెల రోజులు ఆపారు. "నిద్రకు నెల, అబద్ధానికి పదిహేను రోజులా? ఇదెక్కడి న్యాయం కోడలా?" అని ఆయన ఊరంతా తిరిగి చెప్పాడు. నాకు ఆ శిక్ష న్యాయంగానే తోచింది. పదహారో రోజు పనికి వెళ్లినప్పుడు నా తాళ్లన్నీ మేడమ్ ఫోటోలు తీసుకుని, లెక్క రాసుకుని, మళ్లీ అదే వరసలో కర్రకు తొడిగి నాకు ఇచ్చేసింది.

ఆ తర్వాత నెల తిరగకముందే గ్యాసు చూపించే ముల్లు రోజురోజుకూ జరగడం మొదలైంది. వానాకాలం ఇంకా రాలేదు. పొడుగు గొట్టం చివర మంట వెలిగించే రోజు ఊరంతా వచ్చింది, డబ్బు పెట్టినవాళ్లు కూడా ఇద్దరు వచ్చారు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. వెలిగించామన్నారు. ఏమీ కనపడలేదు.

"ఏదీ మంట? ఇంత తోడి గాలేనా సూపిచ్చేది?" అన్నారు వెనక నుంచి.

ఆ మంట నీలంగా ఉంటుంది, ఎండలో కంటికి ఆనదు. నేను నేల వైపు చూశాను. గొట్టం నీడ పక్కన ఇంకో నీడ వణుకుతోంది, నీళ్ల మీద ఎండలా. "పైకి గాదు, కిందికి చూడండి" అన్నాను. అందరూ కిందికి చూశారు. చేతిపంపు దగ్గర మాట అన్న ఆమె కూడా చూసింది. చాలాసేపు చూసి, నా వైపు తిరిగి, "ఇది నీ చేతిలదేనా ఒదినా?" అంది. "మా ఇద్దరిది" అన్నాను. ఇద్దరంటే ఎవరో ఆమె అడగలేదు.

డబ్బు పెట్టినవాళ్లు వెనక్కి పోలేదు. ఇంకో నాలుగు బావులు వేశారు. ఇప్పుడు ఆ గ్యాసుతో ఇక్కడే ఒక ఇంజను తిరిగి కరెంటు తీస్తోంది. అన్నీ బాగున్నాయని చెప్పను. రెండో బావి ఎంత తోడినా గ్యాసు ఇవ్వలేదు, మూసేశారు. ఆ ఉప్పు నీళ్ల గుంటకు కంచె వంగితే ఇప్పటికీ నాకు కాలు నిలవదు, పోయి సరిచేసి వస్తాను. కానీ బావి దగ్గర పనికి ఆడవాళ్లను తీసుకోవాలని, చేరిన మొదటి రోజే ఏది తగ్గితే మంచిదో ఏది పెరిగితే మంచిదో వాళ్ల భాషలో చెప్పాలని మేడమ్ రాయించింది. రాత్రి కాపలాకు వేరే రిజిస్టరు పెట్టింది, ముందు పుట కనపడకుండా. అది మామ గౌరవార్థం.

కాపలా గదుల మీద ఒక మాట రాయించాలి, అందరికీ అర్థమయ్యేలా ఏం రాద్దాం అని ఆమె ఫోను చేసి నన్నే అడిగింది. నేను ఆలోచించలేదు. నోటికి వచ్చింది చెప్పాను. ఇప్పుడు ప్రతి బావి దగ్గరా తెలుగులో, హిందీలో, పెద్ద అక్షరాలతో అదే ఉంది. ఎవరి మాటో కింద రాయలేదు. మీరు రోజూ తలుపు తీస్తూ చదివే మాట అదే, పిల్లలారా. నీళ్లు తగ్గితే చెప్పు. దాచిపెట్టకు. నాకు చదవడం రాదు కానీ గోడ మీద ఆ రాత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసు. వేలితో తడిమి చూశాను.

ఇక చాలు, నా గొంతు ఎండిపోయింది. రాశావా తల్లీ అంతా? మామ నిద్ర సంగతి కొట్టేయలేదు కదా? కొట్టేయకు. నా అబద్ధం ఉన్నప్పుడు ఆయన నిద్ర కూడా ఉండాలి.

ఏదీ, మొదటి నుంచి చదువు. ఆయన మాట దగ్గర మెల్లగా చదువు. నా జవాబు వచ్చినప్పుడు కాసేపు ఆగు.